మేష్టారిని అడగండి: రెండు వైపులా తవ్వితే మధ్యలో కలిసేదెలా?

ప్ర: మేష్టారూ, మాది శృంగవరపుకోట. కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు వెళ్ళినప్పుడల్లా ఆ సొరంగాలు చూసి ఒకటే అనుమానం. సర్వే పరికరాలు లేని పూర్వకాలంలో కొండను రెండు వైపుల నుంచీ తవ్వి మధ్యలో ఎలా కలిపేవారు?

జ: మీ రైలు లైను 1960ల నాటిది బాబూ, అప్పటికి కోణాలు కొలిచే థియోడలైట్లున్నాయి. మీరడిగింది తెలియాలంటే గ్రీకుల సామోస్ ద్వీపానికి వెళ్ళాలి. క్రీ.పూ. 6వ శతాబ్దంలో యుపాలినోస్ అనే ఇంజినీరు పట్నానికి ఊటనీళ్ళు తేవడానికి సున్నపురాతి కొండలో సుమారు 1,036 మీటర్ల సొరంగం తవ్వించాడు. రెండు చివర్ల నుంచీ ఒకేసారి. సాధనాలు సుత్తీ, ఉలీ.

దిక్కు కోసం కొండ మీదుగా గుంజలు పాతి ఉంటారని పండితుల ఊహ. అదేమంత గొప్ప కాదు. విజయనగరంలో నా దగ్గర సర్వే నేర్చుకున్న పాలిటెక్నిక్ కుర్రాళ్ళు ఆ పని ఒక్క పూటలో చేసేసేవారు. అసలు తెలివంతా లోపల ఉంది. ఉత్తరం వైపు రాయి పొడిపొడిగా రాలుతుంటే పడమరకు తిరిగి, చుట్టు తిరిగొచ్చారు. మధ్యకొచ్చేసరికి ముక్కుసూటిగా ఎదురుపడాలని పంతం పట్టలేదు, సొరంగాన్ని అవతలిదాని దారికి అడ్డంగా తిప్పేశారు. పక్కపక్కనే పోతే ఎన్నటికీ తగలకపోవచ్చు, అడ్డం పడితే తగలక తప్పదు కదా! ఎత్తులో తేడా వస్తుందేమోనని ఒకవైపు కప్పు పైకి లేపారు, ఇంకోవైపు నేల కిందికి దించారు. తప్పు వస్తుందనే లెక్కలోనే తవ్వారన్నమాట. నేను దండం పెట్టేది దానికే.

జెరూసలేంలోని సిలోయము సొరంగం (533 మీటర్లు) మాత్రం వంకరటింకరగా పోతుంది. చివర్లో రాతి అవతల నుంచి మనుషుల గొంతులు వినిపించాయని గోడ మీద శాసనమే ఉండేది.

గుంజల సంగతి ఊహే కదా అంటారేమో. రోమన్లకైతే రాతపూర్వక సాక్ష్యమే ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో, నేటి అల్జీరియాలోని సాల్దే దగ్గర, నోనియస్ డాటస్ అనే సర్వేయరు కొండ మీద గుంజలతో తిన్నటి గీత వేసిచ్చి వెళ్ళిపోయాడు. సర్వేయరు లేని సైటు సంగతి మీకు తెలిసిందే! రెండు జట్లూ గీత తప్పి, కలిపి లెక్కేస్తే కొండ వెడల్పుకంటే ఎక్కువే తవ్వేశాయి. ఆయన్ని మళ్ళీ పిలిపించారు. దారిలో దొంగలు పడి దోచుకున్నా, దెబ్బలతోనే చేరుకున్నాడు. ఒకవైపు నౌకాదళం సిపాయిల్నీ ఇంకోవైపు వేరే దళాన్నీ దింపి, పోటీ పెట్టి తవ్వించి కలిపాడు. ఈ కష్టాల కథంతా ఆయనే శాసనంగా చెక్కించుకున్నాడు.