ఆర్థో వార్డులో చేరబోతున్న మా బిడ్డకు

బిడ్డా,

నీకు ఆర్థో వార్డులో, అదే ఎముకల వార్డులో, నర్సు డ్యూటీ వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో ఇంటి చుట్టుపక్కల అందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ మొదలైంది. ఆ వార్డు సంగతి నాకు తెలుసు కదా.

చూడడం, తాకడం, కదిలించడం అనే వరస నీకు కాలేజీలో నేర్పే ఉంటారు. బాగున్న వైపు ముందు చూడు. కీలు నువ్వు వంచకముందు రోగినే వంచమను. కండరాల బలానికి 0 (అసలు కదలిక లేదు) నుంచి 5 (పూర్తి బలం) వరకు అంకె వెయ్యి, ‘బాగానే ఉంది’ అని రాసి ఊరుకోకు. చెయ్యి తనంతట తాను పైకెత్తి, నువ్వు కాస్త నొక్కగానే దించేస్తే 3. కొంత ఆపుకోగలిగితే 4. పొద్దున 4 ఉన్నది రాత్రికి 2 అయిందంటే, ఆ అంకె చూసే తరవాతి షిఫ్టు సిస్టర్ పరిగెత్తుతుంది.

ఇక అసలు విషయం. నేను అప్పట్లో పనిచేసిన ఒక ఆసుపత్రిలో చెట్టు మీంచి పడిన పిల్లవాడికి మోచేతి దగ్గర విరిగితే సాయంత్రం పిండికట్టు వేశారు. రాత్రంతా ఏడ్చాడట. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, తగ్గలేదు. మణికట్టు దగ్గర నాడి ఆడుతోంది కదా, గారాబం చేస్తున్నాడులే అనుకున్నారు. నేను పొద్దున డ్యూటీకి వెళ్లేసరికి వేళ్లు ముడుచుకుని ఉన్నాయి, తెరవలేకపోతున్నాడు. తరవాత ఆపరేషన్ చేసినా ఆ చెయ్యి మునుపటిలా కాలేదు.

కట్టు లోపల వాపు పెరిగితే కండరానికి రక్తం అందదు. పెద్ద రక్తనాళంలో నాడి అప్పటికీ ఆడుతూనే ఉండొచ్చు, దాన్ని నమ్ముకుంటే మోసపోతావు. చెయ్యి పాలిపోవడం, నాడి ఆగిపోవడం ఆఖర్న వచ్చేవి. ముందు వచ్చేది నొప్పి. దెబ్బకు మించిన నొప్పి, మందుకు లొంగని నొప్పి. వేళ్లను మెల్లగా వెనక్కి చాపి చూడు, కేక పెట్టాడంటే ఆగకు, డాక్టర్‌ని పిలువు. ఆ చెయ్యి గుండె ఎత్తులోనే ఉంచు, దిండ్లు పెట్టి ఇంకా పైకి లేపకు. కట్టు చీల్చమంటే కింద ఉన్న దూదితో సహా చర్మం కనబడేదాకా చీల్చాలి. ఎన్ని గంటలకు చెప్పావో రాసిపెట్టు. ఆయన రాకపోతే మళ్లీ పిలువు, అప్పటికీ రాకపోతే ఆయన పైవాళ్లకు చెప్పు. నిద్ర చెడగొట్టావని తిడితే తిట్టించుకో. ఈ ఒక్క విషయంలో నువ్వు మొహమాటపడితే నేను ఊరుకోను.

చేతికి కట్టున్న ప్రతి మనిషి చేత మూడు పనులు చేయించు: బొటనవేలు పైకి లేపడం, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టడం, వేళ్లు విడదీయడం. చేతిలోని మూడు ముఖ్యమైన నరాలూ పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. కాలికైతే పాదం పైకి లేపమను.

ముసలివాళ్లను మాత్రం పుస్తకంతో పోల్చకు. పడకముందు ఎలా నడిచేవాళ్లో ఇంట్లోవాళ్లను అడుగు. మన నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎందరి కీళ్లు బిగించిందో నీకు తెలియంది కాదు. మీ తాతను ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పేవాడు కాదు, మనిషంతా తిరిగేవాడు. చిన్నప్పుడు అదేదో దర్జా అనుకునేదాన్ని. అలాంటివాళ్లను కింద పడిన రూపాయి తీయమను, గడ్డం రొమ్ముకు ఆనించమను, చేతులు తల వెనక పెట్టుకోమను. ఎక్కడ ఆగిపోతారో రాయి. బలవంతంగా వంచకు.

ఎవరైనా జారిపడి వచ్చి, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగి ఉండొచ్చు. లేపి నిలబెట్టకు. ఆపరేషన్ అయినవాళ్లను మొదటిసారి లేపేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి బీపీ చూడు.

ఇంకొకటి. లావుపాటి మనిషిని ఒక్కదానివే పైకి జరపకు. వార్డుబాయ్ వచ్చేదాకా ఆగు, ఆలస్యమైతే అవనీ. మా తోటివాళ్లలో సగం మందికి ఇప్పుడు నడుం నొప్పులే. డ్యూటీకి మెత్తటి బూట్లు కొనుక్కో, డబ్బులు నేను పంపుతున్నాను. వద్దని మళ్లీ వాదనకు దిగకు.

మీ పెద్దమ్మ