చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు

చి. చిన్నాకి,

పెద్దమ్మ దీవించి రాస్తున్నది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పుణెలో ఉద్యోగానికి రెండు నెలలు సెలవు పెట్టి ఖమ్మం వచ్చేస్తున్నావట. హైదరాబాద్‌లో మీ నాన్నకి స్టెంట్, అదే పూడిన నాళాన్ని తెరిచి ఉంచే గొట్టం, వేయించడం, తర్వాత ఇంట్లో చూసుకోవడం అంతా నాదే అన్నావట. ఫోన్ పెట్టేసి పెద్దనాన్న ఫొటో కేసి చూసి, "విన్నారా, మన చిన్నా ఏమంటున్నాడో" అన్నాను. ఆ మరుక్షణమే దడ పట్టుకుంది. సూది చూస్తే మంచం కింద దూరేవాడివి నువ్వు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

పెద్దనాన్నది క్లోమం (పాంక్రియాస్) తలలో క్యాన్సర్ గడ్డ. మీ నాన్నది పిత్తనాళంలో, కాలేయం లోంచి వచ్చే కుడి ఎడమ నాళాలు కలిసేచోట. గడ్డలు వేరైనా అడ్డం పడే తీరు ఒకటే. పైత్యరసం పేగులోకి దిగక రక్తంలో కలుస్తుంది. కళ్లు పచ్చన, మూత్రం డికాక్షన్ రంగు, మలం సున్నంలా తెలుపు, రాత్రంతా దురద. ఆ దురద సంగతి నన్నడుగు. పెద్దనాన్న దువ్వెనతో వీపు గోక్కునేవారు, పొద్దున బనియన్ ఉతుకుతుంటే రక్తపు చారలు కనిపించేవి. క్యాన్సర్ అని తెలిసినప్పుడు కళ్లు తడవని మనిషి, దురదకి ఏడ్చారు. స్టెంట్ వేసిన వారానికి రాత్రంతా కదలకుండా నిద్రపోతే, నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. కాబట్టి ఆపరేషన్ కుదరదన్నాక ఇంక స్టెంట్ ఎందుకని ఎవరైనా అంటే పట్టించుకోకు. గడ్డ కరగదు, నిజమే. మనిషి తింటాడు, పడుకుంటాడు. ఒంటికి పచ్చదనం తెచ్చే ఆ బిలిరుబిన్ దిగితేనే కీమో ఇవ్వడానికి కూడా దారి దొరుకుతుంది.

ముందు చూసుకోవాల్సినవి నీకు డాక్టర్లే చెబుతారు. మీ నాన్న గుండెకి వేసుకునే రక్తం పలచబడే మాత్ర సంగతి మాత్రం వాళ్లు అడిగేదాకా ఆగకుండా నువ్వే చెప్పు. రక్తం గడ్డకట్టే పరీక్ష తేడాగా ఉంటే విటమిన్ కె ఇంజెక్షన్ ఇస్తారు, కంగారు పడకు. పిత్తనాళాలు చూపించే ఎమ్మార్సీపీ స్కాన్ స్టెంట్ వేయకముందే అయిపోవాలి, ఆ ఫిల్ములు వెంట ఉండాలి. ఆరోగ్యశ్రీలో ఎంతవరకు వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్రని ముందే కనుక్కో.

ఒక్కటి మాత్రం గట్టిగా అడుగు: ప్లాస్టిక్ స్టెంటా, మెటల్ స్టెంటా? ప్లాస్టిక్‌ది సన్నని గొట్టం, చవక, కానీ మూడు నెలలు అటూ ఇటూగా పూడుకుపోతుంది, మార్చాలి. మెటల్‌ది లోపలికి వెళ్లాక జల్లెడ గొట్టంలా విచ్చుకుంటుంది. ఖర్చెక్కువ, ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ చాలావాటిని మళ్లీ బయటికి తీయలేరు. అదీ పూడదని కాదు. మీ నాన్నకి గడ్డ నాళాలు కలిసేచోట ఉంది కాబట్టి రెండు వైపులా వేయాల్సి రావచ్చు. నోట్లోంచి గొట్టం వేసి చేసే ఈఆర్‌సీపీతో కుదరకపోతే పక్కటెముకల దగ్గర చర్మంలోంచి సూదితో దారి చేసి బయట సంచీ తగిలిస్తారు. ఆ సంచీ చూసి మీ అమ్మ హడలిపోతుంది, ముందే చెప్పి ఉంచు.

మీ బాబాయి పసరు మందంటాడు, మర్యాదగా తల ఊపి ఊరుకో. నాళానికి గడ్డ అడ్డం పడ్డ కామెర్లకి పసరు ఏం చేస్తుంది?

ఇక నేను చేసిన తప్పు. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2017 జులై చివర్లో పెద్దనాన్నకి ప్లాస్టిక్ స్టెంట్ వేశారు. మూడు నెలలకి మార్చాలన్నారు. అక్టోబరు వచ్చేసరికి ఆయన కళ్లు తెల్లబడ్డాయి, ఆకలి పుట్టింది, ఆవకాయ ఎక్కడ దాచావని వంటింట్లో వెతుక్కునేదాకా వచ్చారు. నవంబరులో మీ అక్క నిశ్చితార్థం. అది కానిచ్చి వెళదామన్నాను నేనే. మనిషి బాగున్నాడు కదా, పది రోజుల్లో మునిగేదేముంది అనుకున్నాను.

నిశ్చితార్థం ఇంకో నాలుగు రోజులుందనగా శనివారం రాత్రి చలి వచ్చింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం ఊగుతోంది. రెండు దుప్పట్లు కప్పి, వాటిమీద నా పట్టుచీరల మూట వేశాను. దోమల కాలం, మలేరియానేమో అనుకున్నాను. డోలో వేశాను. వీధి చివర ఆర్‌ఎంపీ వచ్చి సూది వేసి వెళ్లాడు. పొద్దునకి జ్వరం దిగింది, రెండిడ్లీలు తిన్నారు. "చూశావా, అనవసరంగా కంగారు పడ్డావు" అన్నారు. ఆ మాట పట్టుకుని ఆదివారమంతా గడిపేశాను. డాక్టరు గారు ఎలాగూ సోమవారం వస్తారులే అనుకున్నాను. సాయంత్రం మళ్లీ చలి. మళ్లీ డోలో. సోమవారం తెల్లవారుజామున లేచి చొక్కా తిరగేసి వేసుకుని, గుమ్మంలో నిలబడి "రైలుకి టైమవుతోంది, క్యారేజీ కట్టావా" అని అడిగారు. రిటైరై ఆరేళ్లయింది ఆయన.

తెనాలి నుంచి గుంటూరు గంట ప్రయాణం కూడా లేదు. నేను రెండు రాత్రులు పోగొట్టాను. స్టెంట్ పూడిపోయింది, నాళంలో చీము పట్టి రక్తానికి ఎక్కింది. బీపీ పడిపోయింది. తొమ్మిది రోజులు ఐసీయూ. స్టెంట్ మార్చారు, జ్వరం పోయింది, కానీ ఆ మనిషి తిరిగి రాలేదు. కీమో మళ్లీ మొదలుపెట్టే బలం రాలేదు. సంక్రాంతి దాటాక వెళ్లిపోయారు.

తర్వాత డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూస్తే మూడో పేజీలో ఉంది: జ్వరం, చలి, కళ్లు మళ్లీ పచ్చబడటం, కడుపునొప్పి, వీటిలో ఏది వచ్చినా వెంటనే రావాలని. ఇంగ్లిషే, కానీ నేను చదవలేనంత ఇంగ్లిషేం కాదు. ఆ ఫైలుని భద్రంగా పొలం కాగితాలతో పాటు బీరువాలో పెట్టి తాళం వేశాను, చిన్నా.

అందుకే నీకు హైదరాబాద్ ఆసుపత్రి కన్నా ముందు ఖమ్మంలో రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో తెలియాలి. రెండు వందల కిలోమీటర్లు పరిగెత్తే ముందు అక్కడ రక్తపరీక్ష తీసి, సెలైన్‌లో యాంటీబయాటిక్ మొదలుపెట్టగలరేమో ముందే వెళ్లి అడిగి రా. అర్ధరాత్రి ఫోనెత్తే కారు డ్రైవర్ నంబరు ఒకటి కాదు, రెండు. జ్వరం మాత్ర వేస్తే జ్వరం దిగుతుంది, పూడిక దిగదు. కీమో నడుస్తుంటే అసలే ఆలస్యం పనికిరాదు. స్టెంట్ మార్చే తేదీకి ఎవరి పెళ్లి అడ్డొచ్చినా ఆ పెళ్లి మానుకో. నా మనవరాలిదైనా సరే, నేనేమీ అనుకోను.

ఇంకొకటి, దీనికి తిడుతున్నాను. మీ నాన్నకి "రాయి అడ్డం పడింది, తీసేస్తారు" అని చెప్పావట. ఎవరిచ్చారు నీకు ఆ హక్కు? ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి, మీ ముఖాలు చూసి లెక్క కట్టలేడా? అన్నీ ఒక్కసారి గుమ్మరించమనడం లేదు. "నాన్నా, ఎంతవరకు తెలుసుకోవాలనుంది" అని అడుగు, అడిగినంత చెప్పు. నువ్వు చెప్పలేకపోతే డాక్టరు గారితో చెప్పించు, పక్కన నువ్వు కూర్చో. నొప్పి పెరిగితే మార్ఫిన్ రాస్తారు. వద్దనకు, దానితో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా అడుగు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి బాధలు చూసే పాలియేటివ్ విభాగం ఉంది. నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లని చూసుకునే స్పర్శ్ హాస్పిస్ అని ఇంకోటి ఉంది. ఇప్పుడే తెలిసి ఉంటే మంచిది.

గోళ్లు పొట్టిగా కత్తిరించు, నూలు బనియన్లు కొను. నువ్వు వేళకి తిను. ఆసుపత్రి కుర్చీలో పడుకుని నడుము విరగ్గొట్టుకుంటే చూసేవాళ్లెవరు? ఏడుపొస్తే ఇక్కడికి ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. నాకెలాగూ నిద్ర పట్టదు.

సోమవారం బస్సుకి వస్తున్నాను. థర్మామీటర్ తెస్తున్నాను, నువ్వు కొనకు. మీ నాన్నకిచ్చే డిశ్చార్జ్ ఫైలు మాత్రం బీరువాలో పెట్టొద్దు. ఫ్రిజ్ మీద పెట్టు, ఎప్పుడు వెంటనే రావాలో రాసిన పేజీ పైకి కనిపించేలా.

మీ పెద్దమ్మ