ఏఎల్‌సీ సూదిని కదలనివ్వకు

చిన్నోడా,

హామ్ రేడియో లైసెన్స్ చేతికొచ్చింది, ఇక రేడియోలో టెక్స్ట్ పంపుతా అంటున్నావు, సంతోషం. కానీ ఏ రేడియో కొనాలని అంత పొడుగు ఉత్తరం రాసి యాంటెన్నా గురించి ఒక్క ముక్క అడగలేదేంట్రా? డిజిటల్‌కి, అంటే టెక్స్ట్‌ని కంప్యూటర్ శబ్దంగా మార్చి రేడియోకిచ్చే పద్ధతికి, సెట్ పాతదైనా పర్లేదు, ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) ఉండి ఫ్రీక్వెన్సీ జారకుండా నిలబడితే చాలు. 20 మీటర్ల బ్యాండ్‌కి ఒక్కో వైపు 5 మీటర్ల పైచిలుకు తీగతో డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే రెండు చేతుల యాంటెన్నా) కట్టు, వీలైనంత ఎత్తులో, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సరిగ్గా కుదిరిందో లేదో చెప్పే కొలత) చూసుకుంటూ కొంచెం కొంచెం కత్తిరించు.

కొత్త సెట్లలో చాలావాటికి సౌండ్ కార్డు లోపలే ఉంటుంది, ఒక్క యూఎస్‌బీ కేబుల్‌తో పనైపోతుంది. పాతదైతే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లున్న ఇంటర్‌ఫేస్ పెట్టుకో, లేకపోతే నీ సిగ్నల్‌తో పాటు హమ్ (గుయ్యిమనే కరెంటు రొద) కూడా ఊరేగుతుంది. ట్రాన్స్‌మిట్ నొక్కగానే మౌస్ పిచ్చెక్కినట్టు గెంతిందా, కేబుల్‌లోకి ఆర్‌ఎఫ్ (నువ్వు పంపే రేడియో తరంగం) ఎక్కుతోందన్నమాట. ఫెరైట్ రింగుకి ఆ కేబుల్‌ని నాలుగైదు చుట్లు చుట్టి చూడు.

ఎక్కువమంది పాడుచేసేది ఆడియో లెవెల్ దగ్గర. 40 మీటర్ల బ్యాండ్‌లో మాటలకి ఎల్‌ఎస్‌బీ (లోయర్ సైడ్‌బ్యాండ్) వాడినా ఈ డిజిటల్ మోడ్‌లకి యూఎస్‌బీ, అంటే అప్పర్ సైడ్‌బ్యాండే పెట్టు (కేబుల్ యూఎస్‌బీ కాదు), స్పీచ్ ప్రాసెసర్ ఆపెయ్, కంప్యూటర్ నోటిఫికేషన్ల చప్పుడు కూడా ఆపెయ్ (మెయిల్ వచ్చిన టింగుమనే శబ్దం గాల్లోకి పోతే పోయే పరువు నీదే). తర్వాత ఆడియో మెల్లగా పెంచుతూ పో, ఏఎల్‌సీ (ఆడియో మితిమీరితే సెట్ తనే తగ్గించే ఏర్పాటు) సూది కదలడం మొదలుపెట్టగానే కాస్త వెనక్కి తగ్గించి అక్కడే వదిలెయ్. ఇంకా పెంచితే పవర్ పెద్దగా పెరగదు గానీ, అవతలివాడి వాటర్‌ఫాల్ (సిగ్నళ్లు గీతలుగా కనిపించే కంప్యూటర్ తెర) మీద నీ ఒక్క గీతకి అటూ ఇటూ నాలుగు దొంగ గీతలు లేస్తాయి. అది నీకు కనిపించదు, వేరేవాళ్లు చెప్తేనే తెలుస్తుంది, అందుకే సిగ్నల్ శుభ్రంగా ఉందా అని మొహమాటపడకుండా అడుగు. 100 వాట్ల సెట్ అయినా 25, 30 దాటనివ్వకు, మాటల్లోలాగా మధ్యలో విరామం ఉండదు కాబట్టి ఫైనల్స్ (సెట్‌లో పవర్ ఇచ్చే చివరి ట్రాన్సిస్టర్లు) కాలిపోవచ్చు.

స్టేషన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ మంచిది, 14.074 మెగాహెర్ట్జ్. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ తెచ్చిన మోడ్ ఇది. ఆ టేలరే పల్సార్ల (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రాల) మీద పనికి 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నాయన. ఇందులో ఒకరి తర్వాత ఒకరు పంపేవి 15 సెకన్ల వంతులు కాబట్టి కంప్యూటర్ గడియారం సెకను కూడా తప్పకూడదు. చెవికి వినపడని సిగ్నల్ కూడా డీకోడ్ అయిపోతుంది. అయితే అందులో కాల్‌సైన్ (నీ స్టేషన్ పేరు), గ్రిడ్ (ఉన్న చోటు కోడ్), రిపోర్టు (సిగ్నల్ ఎంత బలంగా వచ్చిందో), 73 (వీడ్కోలు), అంతే, కబుర్లకి చోటుండదు. నా వరకు అది సంభాషణే కాదు.

కబుర్లకి పీటర్ మార్టినెజ్ తయారుచేసిన పీఎస్‌కే31 ఉంది, 14.070 చుట్టూ వెతుకు, వాటర్‌ఫాల్‌లో సన్నటి గీత అదే. సిగ్నల్ మరీ బలహీనంగా ఉంటే జేఎస్8కాల్ అనే మోడ్, 14.078, కానీ నింపాదిగా నడుస్తుంది. పీఎస్‌కేలో చిన్న అక్షరాల్లోనే టైప్ చెయ్, వాటి కోడ్‌లు పొట్టివి, పెద్ద అక్షరాలవి పొడుగు, అన్నీ క్యాపిటల్స్ కొడితే అవతలివాడు ఊరికే కాచుక్కూర్చోవాలి. ముందు కాసేపు విను, ఖాళీ చోటు చూసుకునే సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలువు.

మీ బాబాయ్