పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బెజవాడలో చూడటానికి ఏముంది?

ప్రశ్న: మాది విజయవాడలోని సత్యనారాయణపురం. హైదరాబాదులో స్థిరపడిన మా ఆడపడుచు ఏటా సంక్రాంతికి పిల్లలతో వస్తుంది. అమ్మవారి దర్శనం, ప్రకాశం బ్యారేజీ మీద ఒక సాయంత్రం అయిపోగానే ‘ఇంకేముంది వదినా ఈ ఊళ్లో, ఎండలూ సినిమా హాళ్లూ తప్ప’ అని నవ్వేస్తుంది. తనూ ఇక్కడే పుట్టి పెరిగింది. ఏం జవాబు చెప్పాలో నాకు తోచదు. మన ఊరికి సాంస్కృతిక జీవనమంటూ నిజంగానే లేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కోటలూ ప్రాసాదాలూ లెక్కవేసి ఊళ్లను తూచేవారికి బెజవాడ ఎప్పుడూ తక్కువగానే తూగుతుంది. ఇది నవాబులు కట్టించుకున్న ఊరు కాదు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలువలూ, వాటి వెంట వ్యాపారమూ, ఆ తరువాత రైలు కూడలీ కలిసి పెంచిన ఊరు. ఇటువంటి చోట సాంస్కృతిక జీవనం సంవత్సరం పొడవునా తిథులనూ తేదీలనూ అనుసరించి నడుస్తుంది గనుక, ఏ నెలలో ఏం జరుగుతుందో తెలిసినవారికే అది కనిపిస్తుంది. మీ ఆడపడుచు వచ్చేది సంక్రాంతికి. అప్పటికి పుస్తక మహోత్సవం సాధారణంగా ముగిసిపోయి ఉంటుంది!

ఆ ఉత్సవంతోనే మొదలుపెడదాం. 1989లో ఆరంభమైన విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదటి రోజుల్లో మొదలై దాదాపు పదకొండు రోజులు సాగుతుంది. పుస్తక ప్రియులు వీధుల వెంట పాదయాత్ర చేయడం దాని ఆనవాయితీ. ఏళ్ల తరబడి స్వరాజ్య మైదానంలో జరిగి, తరువాత వేరే చోట్లకు మారినా పాఠకులు దానిని వదిలిపెట్టలేదు. పండుగ ఖర్చులు నెత్తిమీద ఉండగా కూడా సంచుల నిండా పుస్తకాలు కొనుక్కొని వెళ్లే మధ్యతరగతి కుటుంబాలను అక్కడ చూసినవారెవరూ ఈ ఊరికి సంస్కృతి లేదనరు.

పుస్తకంతో ఈ ఊరికి ఉన్న అనుబంధం ఆ ఉత్సవంతో పుట్టింది కాదు. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘంగా ఏర్పడింది బెజవాడలోనే. ఆ ఉద్యమానికి ఊపిరి పోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారి కార్యక్షేత్రం కూడా ఇదే. ఏలూరు రోడ్డు వెంట పుస్తక ప్రచురణ సంస్థలు వెలిశాయి. విశాలాంధ్ర, ఆంధ్రజ్యోతి వంటి దినపత్రికలు ఇక్కడే పుట్టాయి. జ్ఞానపీఠ పురస్కారం పొందిన విశ్వనాథ సత్యనారాయణ గారు ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో పాఠాలు చెప్పి, మారుతీనగర్‌లో నివసించారు. ఆ వీధుల గుండా రోజూ వెళ్లేవారిలో చాలామందికి ఆ సంగతి తెలియదంటే లోపం ఊరిది కాదు.

సంగీతం మాట వస్తే, 1948 డిసెంబరు 1న ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని తలచుకోకుండా ఉండలేము. బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు పనిచేసిన ఆ కేంద్రం భక్తిరంజనితో తెలుగు ఇళ్లలోని తెల్లవారుజాములను తీర్చిదిద్దింది. ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ బాలమురళి గారే. ఇప్పుడు ఘంటసాల పేరు మోస్తున్న ఆ కళాశాలలోనూ, తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలోనూ, సిద్ధార్థ ఆడిటోరియంలోనూ జరిగే కచేరీలు, కూచిపూడి ప్రదర్శనలు, నాటకాలలో చాలావాటికి ప్రవేశ రుసుము ఉండదు. ఈ వెసులుబాటు వల్లనే కాబోలు, వాటికి విలువ కట్టడం మనకు చేతకాలేదు.

తక్కిన సంవత్సరాన్ని క్లుప్తంగా చెబుతాను. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మేరీమాత ఉత్సవాలు. హిందువులు కూడా కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలు ఇచ్చే ఆ తిరునాళ్లను చూస్తే ఈ ఊరి స్వభావం అర్థమవుతుంది. ఉగాదికి కవి సమ్మేళనాలు. ఆశ్వయుజంలో దసరా: మూలా నక్షత్రం నాటి సరస్వతీ అలంకారానికి కొండ కిందివరకు సాగే వరుసలు, విజయదశమి సాయంత్రం హంసవాహనంపై తెప్పోత్సవం. కార్తికంలో కృష్ణ ఒడ్డున దీపాలు. ఇక గాంధీనగర్‌లో పొద్దున్నే నెయ్యీ కారప్పొడీ వేసి ఇచ్చే ఇడ్లీ సంస్కృతి కిందికి వస్తుందో రాదో పండితులు తేల్చుకోవచ్చు, అతిథులను మాత్రం తీసుకెళ్లండి. సినిమా హాళ్ల మాటకు కూడా చిన్నబోనక్కరలేదు. సినిమా పంపిణీదారుల కార్యాలయాలతో నిండిన ఆ గాంధీనగరే కోస్తా అంతటికీ చిత్రాలను పంపింది.

ఒక్క భవనమైనా చూపించాలంటే బాపు మ్యూజియంకు తీసుకెళ్లండి. విక్టోరియా జూబిలీ భవనంగా కట్టిన ఆ కట్టడాన్ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. 1921లో అఖిల భారత కాంగ్రెస్ సంఘం బెజవాడలో సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య గారు తాము రూపొందించిన జెండాను గాంధీజీ ముందు పెట్టారు. ఆ కథను పిల్లలకు అక్కడే నిలబడి చెబితే పాఠ్యపుస్తకంలో కన్నా బాగా గుర్తుంటుంది.

ప్రశ్న: మొగల్రాజపురం, ఉండవల్లి గుహలు బౌద్ధులవని కొందరు, హిందువులవని కొందరు అంటున్నారు. ఏది నిజం?
– ఒక డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: కొండను తొలిచి అంతస్తులుగా మలచడంలో బౌద్ధ విహారాల పద్ధతి కనిపిస్తుంది, అందుకే ఆ వాదం నిలిచింది. అయితే ఇప్పుడు నాలుగు అంతస్తుల ఉండవల్లి గుహలో ప్రధానమైనది శయనించిన అనంతపద్మనాభుని భారీ శిల్పం. చరిత్రకారులు ఈ గుహలను విష్ణుకుండినుల కాలంతో ముడిపెడతారు. మొగల్రాజపురంలో అర్ధనారీశ్వర శిల్పం ఉంది. ఇంద్రకీలాద్రి పాదాన ఉన్న అక్కన్న మాదన్న గుహలకు గోల్కొండ తానీషా మంత్రుల పేరు వచ్చింది గాని, అవి 17వ శతాబ్దానికి చాలా ముందటివి. బ్యారేజీ దాటి తాడేపల్లి వైపు వెళితే ఉండవల్లి వస్తుంది. రాయి వేడెక్కక ముందే ఉదయాన వెళ్లండి. మొగల్రాజపురం గుహలకు ఇళ్ల మధ్య నుంచే వెళ్లాలి, చుట్టుపక్కల వారిని అడిగితే చూపిస్తారు. పదిహేను వందల ఏళ్ల నాటి శిల్పం ఇంటి పక్కనే ఉన్నా పట్టించుకోకపోవడం మన ఊరిని తక్కువ చేసే పొరుగూరి మాటకన్నా ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న: కార్యక్రమాలు జరుగుతున్నాయని మీరు తరచుగా రాస్తారు. మాకు తెలిసేసరికి అవి అయిపోతున్నాయి. ముందుగా తెలుసుకునేదెలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: ఇది న్యాయమైన ఫిర్యాదు. దినపత్రికల నగర పేజీలలో ‘నగరంలో నేడు’ శీర్షికలో నాలుగు పంక్తులు వస్తాయి. గుంటూరు నుంచి బయలుదేరవలసిన మీకు ఆనాటి ఉదయం తెలియడం వల్ల ప్రయోజనం తక్కువ. ప్రతి సంస్థా తన సభ్యులకు మాత్రమే కరపత్రం పంచుకుంటుంది. ఒకే సాయంత్రం రెండు సభలు పెట్టుకొని రెండూ సగం నిండిన సందర్భాలు తక్కువేమీ కావు. కళాక్షేత్రం, సంగీత కళాశాల, గ్రంథాలయాలు, పుస్తక మహోత్సవ సంఘం కలిసి నెలకొక ఉమ్మడి పట్టిక వేసి, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లోనూ రైల్వే స్టేషన్‌లోనూ అంటించాలని ఈ శీర్షిక ద్వారా కోరుతున్నాను. అంతవరకు ఆకాశవాణి ప్రాంతీయ ప్రకటనలను వింటూ ఉండండి. సత్యనారాయణపురం పాఠకురాలు మాత్రం ఈసారి ఆడపడుచును పండుగకు వారం ముందే రమ్మని ఇప్పుడే కబురు పంపవచ్చు. రైలు రిజర్వేషన్లు అప్పటికి దొరకవు.