సమాధానం: తిరుపతి–విజయవాడ విమానం దూరం, సమయం

అన్నా, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి నెల్లూరు నుంచి తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట వెళ్లి, అక్కడ బెజవాడ విమానం ఎక్కిద్దామా అని అడిగారు. సైట్లో అరగంట ప్రయాణం అని చూపించిందన్నారు కదా, ఆ అరగంటతోనే వచ్చింది తంటా.

రేణిగుంట నుంచి బెజవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి గాలిలో తిన్నగా కొలిస్తే దాదాపు 350 కిలోమీటర్లు. దాన్ని పెద్ద జెట్ వేగంతో, గంటకు 800 చొప్పున భాగిస్తే అరగంట దాటదు. కానీ ఇలాంటి చిన్న రూట్లలో తరచూ తిరిగేవి ఏటీఆర్‌లనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు, వాటి వేగం 500 దగ్గర. రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, దిగడం కలిపితే గంట పైమాటే.

అసలు నెల్లూరు మధ్యలో ఉంది! బెజవాడకని బయల్దేరి, 120 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోవడమేంది? పైగా గంట ముందే చెకిన్ కౌంటర్ మూసేస్తారు. దిగాక గన్నవరం నుంచి ఊళ్లోకి మరో 20 కిలోమీటర్లు. ఎంత లేదన్నా ఆరు గంటలు.

రైల్లో 255 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది, కాకపోతే అందులో కూర్చునే సీట్లే; లోయర్ బెర్త్ దొరికే రైలు చూడండి, కాళ్లు చాపుకుంటారు. మన నెల్లూరు దగ్గర దగదర్తిలో విమానాశ్రయం వస్తే అప్పుడు చూద్దాం.