మహిళల గోల్ఫ్‌లో ఆసియా అమ్మాయిల హవా ఎందుకు?

అసలు మలుపు 1998. ఆ ఏడాది దక్షిణ కొరియాకు చెందిన సే రి పాక్ ఇరవై ఏళ్లకే యూఎస్ విమెన్స్ ఓపెన్ గెలిచింది. ఆమెను చూసి గోల్ఫ్ క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పట్టిన పిల్లలే తర్వాత అమెరికా మహిళా టూర్ (ఏడాది పొడవునా సాగే ప్రొఫెషనల్ టోర్నీల వరుస) నిండా కనిపించారు. వాళ్లలో ఇన్‌బీ పార్క్ ఏడు మేజర్లు (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీలు), 2016 ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. బ్యాడ్మింటన్‌లో 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాక మన గుంటూరు శ్రీకాంత్ ఆయన దగ్గరే రాటుదేలాడు కదా, ఇదీ అలాంటిదే.

అయితే ఒక్క స్టార్ చాలదు. కొరియా, జపాన్‌లలో సొంత మహిళా టూర్లు గట్టిగా ఉన్నాయి. అమెరికా టూర్‌కు వెళ్లేసరికే అమ్మాయిలకు పోటీ టెన్షన్ అలవాటైపోతుంది. నా లెక్కన అసలు కారణం ఇదే. థాయ్‌లాండ్‌కూ 2016లో అరియా జుతనుగాన్ తొలి మేజర్ తెచ్చింది.

మన దేశం నుంచి బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. బెజవాడలో మాత్రం గోల్ఫంటే ఇంకా డబ్బున్నోళ్ల కాలక్షేపమే!