పాత తేదీతో పేరోల్ మారిస్తే ఒక్క నెల జీతంలో ఎంత కోయొచ్చు?

ప్రశ్న: విశాఖ ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు ఫ్యాబ్రికేషన్ కంపెనీలో పేరోల్ చూస్తాను. జనవరి 1 నుంచి ఇవ్వాల్సిన ఇంక్రిమెంట్‌కి సాఫ్ట్‌వేర్‌లో అమలు తేదీ పొరపాటున ఆగస్టు 1గా పడింది. జనవరి జీతంతో కార్మికులకు ఐదు నెలల అరియర్స్ వెళ్లిపోయాయి. తేదీ సరిచేయగానే ఫిబ్రవరి జీతంలో ఆ సొమ్మంతా ఒకేసారి కట్ అయింది. కొందరి చేతికి ఏడు వేలు కూడా రాలేదు. అక్టోబర్, నవంబర్‌లలో పొరపాటున కట్ అవ్వని నలుగురి పీఎఫ్ వాటా కూడా ఇప్పుడే లాగేసింది. వర్కర్లు లేబర్ ఆఫీసుకి వెళ్తామంటున్నారు. ఇద్దరు ఈలోగా మానేశారు, వాళ్ల నుంచి రాని సొమ్ము నా జీతంలో కోస్తామని యాజమాన్యం మెమో ఇచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు వర్కర్ల సంగతి చూద్దాం, వాళ్ల ఇంట్లో ఈ నెల గడవాలి. ఎక్కువ ఇచ్చిన సొమ్మును జీతంలో సర్దుబాటు చేసుకునే హక్కు కంపెనీకి ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, 2019లోని సెక్షన్ 18 దీన్ని ఒప్పుకుంటుంది. కానీ అదే సెక్షన్ ఒక హద్దు పెట్టింది. ఒక నెలలో అన్ని కోతలూ కలిపి వేతనంలో 50 శాతం దాటకూడదు. ఎంత రావాలన్నది ఒక లెక్క, ఈ నెలలో ఎంత కోయొచ్చన్నది ఇంకో లెక్క. సాఫ్ట్‌వేర్ మొదటి లెక్క ఒక్కటే చేసింది. పాత తేదీ నుంచి నెలనెలా తిరిగి లెక్కగట్టి, వచ్చిన తేడా మొత్తాన్ని ఈ నెలలో పడేసింది. రికవరీకి పరిమితి మనం సెట్ చేయకపోతే అది ఆగదు.

ఒకరి వేతనం 20,000, ఇంక్రిమెంట్ నెలకి 2,200 అనుకుందాం. ఐదు నెలలకి 11,000 ఎక్కువ వెళ్లింది. పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 150, వృత్తి పన్ను 150 కలిపి 2,100 ఎలాగూ పోతాయి. సగం అంటే 10,000 కాబట్టి రికవరీకి మిగిలేది 7,900 మాత్రమే. మిగతా 3,100 తర్వాతి నెలకి వెళ్లాలి. మీ సాఫ్ట్‌వేర్ 11,000 కోసేసింది, అంటే ఆ మనిషికి 3,100 కంపెనీయే బాకీ. ఫిబ్రవరి జీతం మార్చి 7లోగా పూర్తిగా అందాలి కాబట్టి, వచ్చే జీతం దాకా ఆగకుండా ఈ తేడాని విడిగా వెంటనే చెల్లించండి. చట్టపు హద్దు సగమైనా, వాయిదాలు చిన్నవిగా పెట్టమని యాజమాన్యాన్ని అడగండి. తప్పు వర్కర్లది కాదు.

పీఎఫ్ విషయం ఇంకా సున్నితం. ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) స్కీమ్ 32వ పేరా ప్రకారం, ఏ నెల వాటాని ఆ నెల జీతం నుంచే కోయాలి. పొరపాటు వల్లో గుమాస్తా తప్పిదం వల్లో అప్పుడు కోయకపోతే, తర్వాతి జీతం నుంచి కోయడానికి పీఎఫ్ ఇన్‌స్పెక్టర్ రాతపూర్వక అనుమతి కావాలి. అది లేకుండా కోశారు కాబట్టి ఆ నలుగురికీ తిరిగి ఇచ్చేయండి. పీఎఫ్ ఆఫీసుకి మాత్రం ఆ వాటాని కంపెనీ తన సొమ్ముతో ఆలస్యం చేయకుండా కట్టాలి. అనుమతి వచ్చాకే వర్కర్ల దగ్గర కోత.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. జీతాలు ఇచ్చేసి సాఫ్ట్‌వేర్‌లో లాక్ చేసిన నెలల్ని తెరిచి పాత పే స్లిప్‌లు మార్చకండి. సవరణంతా ఈ నెలలో విడి లైన్‌గా చూపండి. పాత స్లిప్ వర్కర్ ఫోన్‌లో ఉంటుంది, కొత్తది మీ సిస్టమ్‌లో ఉంటుంది, రెండూ తేడాగా ఉంటే రికార్డు దిద్దారనే అనుమానం మీ మీదకే వస్తుంది. ఎడిట్ లాగ్‌ని ప్రింట్ తీసి పెట్టుకోండి. తప్పు తేదీ ఎప్పుడు ఎంటర్ అయింది, ఎవరు ఆమోదించారు, ఎప్పుడు సరిచేశారు అన్నది అందులోనే ఉంటుంది. పేరోల్ మళ్లీ రన్ చేసే ముందు, జనవరిలో ఇచ్చిన అరియర్స్ ‘చెల్లించినట్టు’ నమోదై ఉందో లేదో చూడండి. అది లేకపోతే అదే తేడా రెండోసారి వస్తుంది.

వర్కర్లు ఫిర్యాదు చేస్తే? వేతనాల కోడ్ సెక్షన్ 45 కింద మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయొచ్చు. పరిహారం క్లెయిమ్‌కి పది రెట్ల దాకా పడొచ్చు. కోత సరైనదేనని చూపించుకోవలసింది కంపెనీయే. పోర్టు, స్టీల్ ప్లాంట్ వాళ్లయితే కేంద్ర కార్మిక శాఖ అధికారుల దగ్గరికి వెళ్లాలి, మీది ప్రైవేటు కాబట్టి రాష్ట్ర కార్మిక శాఖ చూస్తుంది. ఈలోగా ఒక్కొక్కరికీ లెక్క కాగితం ఇచ్చి కూర్చోబెట్టి మాట్లాడితే చాలామంది ఆగుతారు.

ఇక మీ మెమో. నష్టం పేరుతో ఉద్యోగి జీతం కోయాలంటే, అతనికి ప్రత్యేకంగా అప్పగించిన వస్తువు పాడవడమో, అతను లెక్క చెప్పాల్సిన డబ్బు పోవడమో జరగాలి, అదీ నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే కావాలి. అదే కోడ్‌లోని సెక్షన్ 21 ప్రకారం ముందు మీ సంజాయిషీ వినాలి. క్యాష్ మీ చేతిలో లేదు, పై అధికారి ఆమోదంతోనే బ్యాంకు నుంచి వెళ్లింది. మానేసిన ఇద్దరి నుంచి వసూలు చేసుకునే దారి కూడా కంపెనీకి మూసుకుపోలేదు. ఈ మూడు మాటలూ రాసి, ఎడిట్ లాగ్ కాపీ జతచేసి, మెమోలో ఇచ్చిన గడువులోగా జవాబివ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి. ‘నా జీతంలో కోసుకోవచ్చు’ అనే కాగితం మీద మాత్రం, ఎవరెంత ఒత్తిడి చేసినా, సంతకం పెట్టకండి.